రెండో చెవి

జూన్ 21

అక్కా,

నువ్వు ఫోన్ పెట్టేశాక కూడా అరగంట సేపు నీతో పోట్లాడుతూనే ఉన్నాను, గదిలో ఒక్కదాన్నే. అందుకే మన పాత ఒప్పందం గుర్తొచ్చి కాగితం తీశాను. గొడవొచ్చే సంగతులు నోటితో కాదు, రాసి చెప్పుకోండని చిన్నప్పుడు నాన్న మనకి వేసిన శిక్ష ఇన్నాళ్ళకీ పనికొస్తోంది. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డుపడలేవు కదా.

నీ కూతుర్ని మా పరిశోధనలో చేర్చుకోమని నువ్వడిగినదానికి జవాబు: కుదరదు. మా పరిశోధనలో పనిచేసేవాళ్ళ బంధువుల పిల్లల్ని తీసుకోకూడదు. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు. ఆరు ఊళ్ళు, ఆరు బళ్ళు, ఒకటో తరగతి పిల్లలు రెండొందల పన్నెండు మంది. మా జూనియర్లు బడికెళ్ళి ఒక్కొక్కరికీ యాభై బొమ్మలు చూపించి, ఇదేంటి అదేంటి అని అడిగి, పిల్లలు చెప్పింది రికార్డు చేసుకొస్తారు. దాని మీద పేరుండదు, నంబరే. ఇక్కడ కిటికీ లేని చిన్న గదిలో నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి మాటకీ సరి, తప్పు రాస్తాను. నేనేం రాశానో చూడకుండా ఇంకో విద్యార్థి మళ్ళీ అవే వింటాడు. ల్యాబులో నన్ను మొదటి చెవి అంటారు, అతన్ని రెండో చెవి అంటారు. మా ఇద్దరి మార్కులూ కలిపి సగం చేస్తే పాతిక దాటని పిల్లల్లోంచి ఇరవై నలుగురిని ఎంచుకుని, ఏడాది పాటు వారానికి రెండుసార్లు విడిగా కూర్చోబెట్టి మాటా చదువూ నేర్పిస్తారు. ఈ వయసులో మాటల్లో ధ్వనులు పట్టుబడని పిల్లల్లో చాలామందికి తర్వాత చదవడం కూడా కష్టమవుతుంది. రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో చూసుకుందాంలే అంటే ఆలస్యం. మళ్ళీ ఇంకో విడత లేదు, ఈ ఒక్క ఏడాదే.

గువ్వకి ఇదేం అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి నాలుగేళ్ళు నా పక్కలో పడుకున్న పిల్ల, దాని మాట నాకు తెలీదా? 'ర' పలకదు, అంతే. ఆరేళ్ళకి అది మామూలే. మొన్న సెలవుల్లో గంట సేపు కథ చెప్పింది, ఒక్క ముక్క కూడా రెండోసారి అడగలేదు నేను. మాట తేడాగా ఉందన్న వాళ్ళ టీచరుకి నలభై మంది పిల్లలు, ఆవిడకి వినే ఓపిక ఉండాలిగా.

మీ ఊరి బడి కూడా మా జాబితాలో ఉంది. కాగితం ఇంటికొస్తే, 'పరిశోధకుల్లో మీ బంధువులెవరైనా ఉన్నారా' అన్న దగ్గర ఉన్నారని టిక్కు పెట్టు. గువ్వని వదిలేస్తారు.

బావని అడిగానని చెప్పు. గువ్వని నా బదులు ఓసారి గట్టిగా హత్తుకో.

ఏనాడూ నీ మాట ఒప్పుకోని
చెల్లెలు


జులై 9

శాస్త్రవేత్తగారికి,

తమరి ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి భయంతో. మూడోసారి షాపులో, కౌంటరు మీద పెట్టుకుని, దగ్గు మందు కోసం వచ్చినాయన గొంతు సవరించుకుంటూ నిలబడి ఉండగా. మందుల షాపులో దగ్గేవాణ్ణి నిలబెట్టి ఉత్తరం చదివిన ఘనత మన వంశంలో నాకే దక్కింది.

నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాలి. నమ్ముతాను. కానీ నీకు తెలియని సంగతి ఒకటుంది, ఇది ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. లిఫ్టు బాగుచేసేటప్పుడు మీ బావ లోపల వందల వైర్లున్నా చీకట్లో తడిమి విప్పి మళ్ళీ కలుపుతాడు. అదే మనిషికి ఒక పేజీ ఇచ్చి చదవమంటే కళ్ళజోడు మర్చిపోయానంటాడు. ఆయనకి కళ్ళజోడే లేదు. పెళ్ళయిన మూడో నెలలో కనిపెట్టాను. అప్పటి నుంచి కరెంటు బిల్లు నుంచి పెళ్ళిపిలుపు దాకా అన్నీ నేనే పైకి చదువుతాను, ఏదో నాకే తొందరైనట్టు. ఆయనకి నేను కనిపెట్టానని తెలీదు.

చిన్నప్పుడు ఆయనకి కూడా మాట తొందరగా రాలేదని మా అత్తగారు ఓసారి నోరు జారింది. ఆ మాట నా కడుపులో పడి ఉండిపోయింది. గువ్వ బళ్ళో నోరు విప్పడం లేదట. ఇంట్లో చూస్తే దాని నోటికి మూత లేదు. అక్షరం చూస్తే తల దించుకునే బతుకు దానికి వద్దే. అంతే నా బాధ. ఇంకేం లేదు.

బడి కాగితం ఇంకా రాలేదు. వస్తే చూస్తాలే.

నిన్ను నమ్మక చస్తానా అనుకునే
అక్క


ఆగస్టు 14

అక్కా,

నెల రోజులు రాయలేదని తిట్టుకుని ఉంటావు. తిట్టుకో. ఇక్కడ యుద్ధం జరిగింది, గెలిచాను, గెలిచినందుకు సంతోషం మాత్రం లేదు.

రెండో చెవి సంగతి రాశాను కదా. నెమ్మదైన మనిషి, ఎవరి జోలికీ పోడు. సాయంత్రాలు ఒక గోదాములో పార్సిళ్ళు కట్టే పని చేస్తాడు. పొద్దున ల్యాబుకి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉంటాయి. రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడు, ఒకసారి హెడ్‌ఫోన్లు పెట్టుకునే నిద్రపోయాడు. అయినా ఇన్నాళ్ళూ అతని మార్కులకీ నా మార్కులకీ రెండు మూడు అంకెల తేడానే వచ్చింది. పోయిన వారం 137 నంబరు దగ్గర నేను యాభైకి నలభై నాలుగు వేశాను. అతను పంతొమ్మిది వేశాడు.

పంతొమ్మిది, అక్కా. ఇంత తేడా వస్తే సగం చెయ్యరు, ఇద్దరం కలిసి మళ్ళీ విని ఒక అంకెకి రావాలని నియమం, విన్నాం. ప్రతి మాటా నాకు స్పష్టంగా వినపడుతోంది, అతనేమో తప్పు, తప్పు అంటున్నాడు. నిజం చెప్పనా, రోజంతా విని అలిసిపోయాక ఆ 137 వింటే నాకు ప్రాణం హాయిగా ఉండేది. అంత ముద్దుగా, తేటగా మాట్లాడుతుంది ఆ పిల్ల. నంబరు చెప్తే తప్పేం లేదులే, ఎవరి పిల్లో నాకే తెలీదు. అతను ఒక్క మెట్టు దిగలేదు. నాకు వినపడిందే రాశానంటాడు.

మేడమ్ దగ్గరికెళ్ళాను. నిద్ర సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆవిడ రికార్డు వినను కూడా లేదు, పదిహేను నెలల నుంచి నీ చెవి చూస్తున్నాను, చాలు అంది. అతన్ని వినే పని నుంచి తీసేశారు. పట్టాకి ఆ పనే అతనికి ఆధారం, ఈ ఏడాది పోయినట్టే. సెప్టెంబరు 20న ఎంపిక జాబితాకి తాళం వేస్తారు. అంతదాకా అతని మార్కులు పక్కన పెట్టి నావే లెక్క. 137కి నలభై నాలుగు కాబట్టి ఆ పిల్లకి సాయం అక్కర్లేదు, ఆ చోటు నిజంగా అవసరమున్న పిల్లకి పోతుంది. అందుకోసమే పోట్లాడాను.

వెళ్ళేటప్పుడు అతను తన కుర్చీ బల్ల కిందికి సరిగ్గా జరిపి వెళ్ళాడు. నావైపు చూడలేదు.

చెల్లెలు


ఆగస్టు 20

చిన్నదానా,

నీ ఉత్తరం చదివాను. ఇక్కడ అంతా మామూలే. గువ్వకి పన్ను కదులుతోంది.

ఆ 137 ఇంకోసారి విను. నువ్వు కాకపోతే ఇంకెవరి చేతైనా వినిపించు, నీకూ అతనికీ సంబంధం లేనివాళ్ళ చేత. అంకె చిన్నదే, మనిషి బతుకు పెద్దది. నీకు తప్పు వినపడి ఉండొచ్చు కదా? ఎంతటివాళ్ళకైనా పొరపాటు వస్తుంది. మీ మేడమ్ ఎందుకు వినలేదు?

ఊరికే అడుగుతున్నాను. వెంటనే రాయి.

అక్క


ఆగస్టు 25

అక్కా,

ఊరికే అడిగావా? నువ్వు ఊరికే అడిగింది నా జన్మలో ఒక్కటి చూపించు.

నాకు తెలుసు ఇది ఎక్కడి నుంచి వచ్చిందో. పదో తరగతిలో నేను ఫస్టు వచ్చినప్పుడు కూడా మార్కులు మళ్ళీ లెక్కపెట్టించమన్నావు. నేను ఏదైనా బాగా చేస్తే నీకు నమ్మబుద్ధి కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మీద జాలి పుడుతుంది, సొంత చెల్లెలి చెవి మీద అనుమానం పుడుతుంది. అతను నిద్రపోయాడని రాశాను కదా. దాని మీద ఒక్క మాటైనా అన్నావా?

పదిహేను నెలలు. రోజుకి ఆరు గంటలు. చెవులు దిబ్బళ్ళు పడి అన్నం తినేటప్పుడు ఎదుటివాళ్ళ మాట కూడా వినపడని రోజులున్నాయి. నాకున్నది ఈ పని ఒక్కటే, దాని మీద బురద చల్లకు.

రాయకపోయినా ఫర్వాలేదు.


ఆగస్టు 30

నా చిట్టి చెల్లీ,

ఇది ముందే చెప్పాల్సింది. రెండుసార్లు రాసి చించేశాను.

137 గువ్వ.

జులై పన్నెండున బడి కాగితం వచ్చింది. బంధువులెవరూ లేరని నేనే టిక్కు పెట్టాను. సంతకం మీ బావ చేత పెట్టించాను, ఆయన చదవడని తెలిసే ఆయన ముందు పెట్టాను. నీ మాట మీద నమ్మకం లేక కాదే. కాకి పిల్ల కాకికి ముద్దు, నువ్వూ ఆ గూటి కాకివేగా. ఎవరో తెలియనివాళ్ళు విని బాగానే ఉందంటే నా గుండె దడ తగ్గుతుందనుకున్నాను. నువ్వే వింటావని తెలుసు, కానీ గొంతు విని పోల్చుకుంటావని, అప్పుడు ఎటూ నువ్వే ఆపేస్తావని అనుకున్నాను. రెండొందల మందిలో అది గుసగుసగా పలికితే నువ్వు పోల్చుకోలేవని నాకు తట్టలేదు.

137 సంగతి రాసిన నీ ఉత్తరం చదివిన రోజు షాపు మూసేశాక రికార్డు రోజు బళ్ళో ఇచ్చిన నంబరు చీటీ దాని బడిసంచీలోంచి తీసి చూశాను. 137. నలభై నాలుగు అని చదివి ముందు సంతోషపడ్డాను, సిగ్గు లేకుండా. తర్వాత పంతొమ్మిది గుర్తొచ్చింది.

మర్నాడు దాన్ని షాపుకి తీసుకెళ్ళాను. కొత్తగా వచ్చిన గుమాస్తా ఉన్నాడు, అతను దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఏం కావాలమ్మా అని అడిగాడు. 'తీతా' అంది. అతను అయోమయంగా చూశాడు. అది మళ్ళీ చెప్పింది, ఇంకోసారి చెప్పింది, చివరికి నావైపు తిరిగింది. సీసా అడుగుతోంది, ఖాళీ సీసాలతో ఆడుకుంటుంది అని నేను చెప్పేశాను. అది ఇన్నేళ్ళూ ఎవరితో ఏం మాట్లాడినా నేను పక్కనుండి ఇలాగే చెప్పేస్తున్నానని అప్పుడు తెలిసింది. నాకు దాని నోట్లోంచి సీసా అనే వినపడింది. ఇప్పటికీ అలాగే వినపడుతోంది.

మా షాపులో ఇలాంటిదే ఒకటి జరిగింది. మా వీధి డాక్టరు రాత పిచ్చిగీతలు, నేను తప్ప ఎవరూ చదవలేరని గర్వం నాకు. ఓసారి ఆయన సగమే రాసి వదిలేసిన మందు పేరు నేను పూర్తిగా చదివేసి ఇచ్చాను. అలవాటు మీద, ఆయన రాయనిది నాకు కనపడింది. మా యజమాని చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. నీక్కూడా అదే అయింది. నాలుగేళ్ళు దాన్ని పెంచావు, అది అనని అక్షరాలు నీ చెవి కలుపుకుంటోంది. నిద్రపోయిన వాడికి నిజం వినపడింది, మెలకువగా ఉన్న మనకి వినపడలేదు.

నన్ను తిట్టు. కానీ ఏదో ఒకటి చెయ్యి, 20 ఎంతో దూరం లేదు.

అక్క


సెప్టెంబర్ 4

అక్కా,

ఉత్తరం చదివి ముందు నువ్వు అబద్ధం చెప్తున్నావనుకున్నాను. ఆ తర్వాత 137 పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. గువ్వే. ఇన్నిసార్లు విన్నాను, ఆ హాయి ఎక్కడిదో ఒక్కసారి కూడా అడుక్కోలేదు.

ఇప్పుడు తెలిసి విన్నా అన్నీ సరిగ్గానే వినపడుతున్నాయి. పిచ్చెక్కినట్టైంది. చివరికి ఒక పని చేశాను. దాని యాభై మాటల్నీ ముక్కలుగా కోసి, వేరే పిల్లల మాటల మధ్యలో కలిపేసి, ఏది ఎవరిదో తెలియకుండా కంప్యూటరు చేత కలియబెట్టించి విన్నాను. అప్పుడు ఇరవై రెండు వచ్చింది. సీసా లేదు, తీతానే ఉంది. స, శ, చ ఏవీ లేవు. అది నాకు కథ చెప్పినప్పుడు ఆ కథలో సగం నేనే చెప్పుకున్నాను. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నాకిది బతుకుతెరువు కాబోయే పని, అక్కా, ఇంట్లో పిల్లకి ఫర్వాలేదని నీకు రాసిచ్చినదాన్ని నేనే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేడమ్‌కి చెప్తే 137ని కొట్టేస్తారు, నియమం అది. గువ్వకి చోటు ఉండదు. చెప్పకపోతే అతని ఏడాది నా మూలాన పోతుంది, గువ్వకి చోటు ఎలాగూ రాదు.

నాకు రెండ్రోజులు ఇవ్వు. నువ్వు ఏం అనుకుంటున్నావో కూడా రాయి, దాచకుండా.

చెల్లెలు


సెప్టెంబర్ 8

చెల్లీ,

దాచకుండా రాయమన్నావు, రాస్తున్నాను.

ఒక్క అంకె మార్చు. మళ్ళీ విన్నాను, పొరపాటు చేశాను, ఇరవై రెండు అని రాయి. అది అబద్ధం కూడా కాదు, నీకు వచ్చింది ఇరవై రెండే కదా. అతని పంతొమ్మిదితో కలిస్తే పాతిక లోపే. గువ్వకి చోటొస్తుంది. అతనిది సరైన చెవేనని తేలుతుంది, మళ్ళీ పిలుస్తారు. నీ చదువు ఆగదు. ఎవరికీ నష్టం లేదు. ఆ టిక్కు సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు.

నేను ఎప్పుడైనా నిన్ను ఏమైనా అడిగానా? నాన్న పోయాక నీ ఫీజు కోసం నేను చదువు మానేసి కౌంటరు దగ్గర నిలబడ్డాను, అప్పుడు కూడా ఇదిగో చేశానని అనలేదు. ఇప్పుడు అంటున్నాను. సిగ్గుగానే ఉంది, అయినా అంటున్నాను.

పెద్దాసుపత్రిలో మాట నేర్పే విభాగానికి వెళ్ళొచ్చాను. పేరు రాసుకుని వచ్చే జులైలో రమ్మన్నారు. అప్పటికి ఒకటో తరగతి అయిపోతుంది. మిగతా పిల్లలు చదివేస్తుంటే ఇది బల్ల కింద చూసుకుంటూ కూర్చుంటుంది, వాళ్ళ నాన్నలాగా. నీ చేతిలో ఉన్న పని నువ్వు చెయ్యకపోతే నేను నిన్ను క్షమించలేనేమో. భయపెట్టడానికి కాదు, ఉన్నమాట.

అక్క


సెప్టెంబర్ 15

అక్కా,

చెప్పేశాను.

నీ ఉత్తరం నాలుగు రోజులు సంచీలో పెట్టుకుని తిరిగాను. అంకె మార్చడానికి కూర్చున్నాను కూడా. కంప్యూటరులో 44 చెరిపి 22 కొట్టాను. అంత సులువని తెలీదు. పక్కనే మిగతా రెండొందల పదకొండు మంది అంకెలున్నాయి. వాళ్ళల్లో ఎవరి పిన్నీ ఇక్కడ లేదు. ఇరవై నాలుగు చోట్లే ఉన్నాయి, గువ్వ లోపలికి వస్తే ఒక పిల్ల బయటికి పోతుంది, ఆ పిల్ల తల్లి కూడా ఎక్కడో ఇలాగే కూర్చుని ఉంటుంది. మళ్ళీ 44 కొట్టి లేచి మేడమ్ గదికి వెళ్ళాను.

ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది. హెడ్‌ఫోన్లు తెమ్మని 137 తనే మొదటి నుంచి చివరిదాకా విని పద్దెనిమిది వేసింది. నేను అప్పుడే విని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు అంది, తనని తానే అనుకున్నట్టు. తర్వాత 137ని కొట్టేసింది. మీ ఊరి బడి రికార్డులన్నీ మళ్ళీ మొదటి నుంచి వేరేవాళ్ళు వింటారు. నన్ను వినే పని నుంచి తీసేశారు. పట్టా ఒక ఏడాది వెనక్కి పోయింది.

సాయంత్రం గోదాముకి వెళ్ళాను. అతను పార్సిల్‌కి తాడు కడుతూ నా మాటలన్నీ విన్నాడు. నేను ఏడుస్తానేమోనని భయపడ్డట్టున్నాడు. చివరికి అన్నాడు, "నాకు వినపడింది నేను రాశాను. నీకు వినపడింది నువ్వు రాశావు. నిద్రపోయిన సంగతి మాత్రం నువ్వు చెప్పకుండా ఉండాల్సింది." ఔనన్నాను. సోమవారం నుంచి మొదటి చెవి అతనే.

నువ్వు చదువు మానేసిన సంగతి నేను ఒక్క రోజు కూడా మర్చిపోలేదు, అక్కా. అది తెలిసే చేశాను. నీకు కోపం వస్తుందని తెలుసు. గువ్వకి ఇంట్లో ఏమేం చేయాలో మేడమ్‌ని అడిగి వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. దయచేసి అది మాత్రం చింపకు.

చెల్లెలు


నవంబర్ 24

చెల్లీ,

పది వారాలు. నీ నాలుగు ఉత్తరాలూ వచ్చాయి. మొదటి రెండూ విప్పలేదు. నీ మీద ఉన్న కోపం గురించి రాస్తే ఈ కాగితం చాలదు, అందుకని జరిగింది మాత్రం రాస్తాను.

మీ బావకి చెప్పాను. నువ్వు చెప్పేశాక నాకు దాచడం చేతకాలేదు. ఆయన అరవలేదు. "నాకు చదవడం రాదని తెలిసే కదా ఆ కాగితం నా ముందు పెట్టావు" అన్నాడు. నాకు తెలుసని ఆయనకి ముందు నుంచీ తెలుసట. ఇన్నేళ్ళూ ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం నాటకం ఆడుకున్నాం. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కరెంటు బిల్లు నా ముందు పెట్టి, పైకి చదవొద్దు, పక్కన కూర్చో, నేను చదువుతాను అన్నాడు. చాలాసేపు పట్టింది. కూర్చున్నాను.

ఇక బడి. మీవాళ్ళు మంగళవారం, శుక్రవారం వస్తున్నారు. ఆఫీసు పక్క గదిలో పాఠం, తలుపుకి చిన్న అద్దం. మొదటి మంగళవారం షాపుకి సెలవు పెట్టి మరీ వెళ్ళి చూశాను, పుండు గోక్కోవడానికి. గువ్వ క్లాసులో దాని పక్కన కూర్చునే పిల్ల ఒకర్తి ఉంది లోపల. వాళ్ళమ్మ డిపోలో బస్సులు కడుగుతుంది. మీ వాళ్ళు మళ్ళీ లెక్కవేశాక చివర్న దొరికిన చోటు ఆ పిల్లకి వచ్చిందట. అంటే గువ్వ చోటే. ఆ పిల్ల మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్తే నన్ను మనిషనుకోవు. మెడలో బడిచీటీ తప్ప ఇంకేం లేని అంతటి పసిదాని మీద.

మొన్న శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. బడి వెనక మెట్ల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల చేతిలో చిన్న కాగితం ముక్క ఉంది. అది నోటి ముందు పట్టుకుని సైకిల్ టైరులోంచి గాలి పోతున్నట్టు 'స్స్' అని ఊదుతోంది, కాగితం రెపరెపలాడుతోంది. తర్వాత కాగితం గువ్వ నోటి ముందు పెట్టింది. గువ్వ ఊదింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. పళ్ళు దగ్గరగా పెట్టి చూపించింది. మళ్ళీ పెట్టింది. నేను గోడ చాటున పదిహేను నిమిషాలు నిలబడ్డాను, షాపు తెరవాలన్నది కూడా మర్చిపోయి. ఆ పిల్లకి సరిగ్గా మాట రాదు, దీనికీ రాదు, లోపల నేర్చుకున్నదంతా బయటికి తెచ్చి దీనికి పెడుతోంది, టీచరమ్మకన్నా కఠినంగా. నెల నుంచి జరుగుతోందట ఇది. టైరాట అంటారు.

నాకు ఏడుపు ఆగలేదు. తర్వాత భయం వేసింది. ఇది మీ నియమాలకి విరుద్ధమా? ఆ పిల్ల మూలంగా ఇంకేదైనా లెక్క చెడిపోతుందా? ఆ పిల్ల చోటు పోతుందా? తప్పైతే చెప్పు. నేనైతే ఆపలేను, ఆపమని దాన్ని అడగలేను. కానీ ఈసారి దాచను, అందుకే నీకు రాస్తున్నాను.

అక్క


డిసెంబర్ 1

అక్కా,

నీ ఉత్తరం బస్టాపులో నిలబడి చదివాను. మూడు బస్సులు పోయాయి.

మేడమ్‌ని అడిగాను, పేరు చెప్పి, ఏదీ దాచకుండా. సాయం అందని పిల్లలు మాకు పోల్చి చూసుకోవడానికి కావాలి. అందుకని వాళ్ళకి నేర్పిస్తే మా లెక్క చెడుతుంది. కానీ గువ్వ ఆ జాబితాలో లేదు, ఈ జాబితాలో లేదు. కొట్టేసిన పిల్ల. అది ఎవరితో ఏం ఆడుకున్నా ఎవరి లెక్కా చెడదు. ఆ పిల్ల చోటు ఎక్కడికీ పోదు. మేడమ్ ఇంకో మాట అంది, ఇంకొకళ్ళకి నేర్పే పిల్లకి తన పాఠం ఇంకా గట్టిపడుతుందట. ఆడుకోనివ్వు.

నా కోపం కూడా రాయాలని ఉంది, ఎందుకంటే నీ కోపం గురించి నువ్వు రాశావు. ఆ టిక్కు నువ్వు పెట్టకపోతే అతని పరువు నేను తీసేదాన్ని కాదు, నా ఏడాది పోయేది కాదు. కానీ నువ్వు పెట్టకపోతే గువ్వ సంగతి మనిద్దరికీ ఇప్పటికీ తెలిసేది కాదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏది ఎక్కువో నాకు తేలడం లేదు. నిన్ను క్షమించానో లేదో కూడా తెలీదు. నిన్ను చూడాలని మాత్రం ఉంది.

పద్దెనిమిదిన వస్తున్నాను, పది రోజులు ఉంటాను. బావ దగ్గర కూర్చుంటాను, ఆయనకి ఇష్టమైతే. మెట్ల దగ్గర ఆ పిల్లని కూడా దూరం నుంచి చూస్తాను.

ఒక్కటి ముందే చెప్తున్నాను. గువ్వ వచ్చి నా ఒళ్ళో కూర్చుని మాట్లాడితే నాకు అన్నీ అర్థమవుతాయి. బాగుపడిందా, ఇంకా అలాగే ఉందా అని నన్ను అడగకు. మీ కొత్త గుమాస్తాని అడుగు, దారిన పోయేవాళ్ళని అడుగు. ఆ సంగతి చెప్పడానికి నేను పనికిరాను. ఊరికే దాని కబుర్లు వినడానికి వస్తున్నాను.

గువ్వ పిన్ని